మెదడులో తొలి మచ్చ: ఎంఆర్‌ఐ కొత్త చూపు బస్తర్ దాకా చేరేనా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) వ్యాధిని నిర్ధారించేందుకు ప్రపంచవ్యాప్తంగా నాడీ వైద్యులు అనుసరించే మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు మరోసారి మారాయి. 2024 సవరణగా పిలుస్తున్న ఈ మార్పులు 2025లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వెలువడ్డాయి. 2001లో తొలిసారి రూపొందిన ఈ ప్రమాణాలను తర్వాత పలుమార్లు సవరించినా, ఇంత లోతైన మార్పు ఇదివరకు రాలేదనే చెప్పాలి. వ్యాధి రెండోసారి దాడి చేసేదాకా వేచి చూడాల్సిన అవసరం ఇకపై చాలామంది రోగులకు ఉండదు. మెదడులోని మచ్చ తీరును బట్టి, దాని నడిమధ్యన ఉన్న సన్నని సిరను బట్టి, అంచున పేరుకున్న ఇనుమును బట్టి తొలి స్కానింగ్‌లోనే వ్యాధిని పోల్చుకునే వీలు కలిగింది.

మహానగరంలో న్యూరాలజిస్టుకు, స్కానింగ్ కేంద్రానికి చేరువగా ఉన్న రోగికి ఇది శుభవార్తే. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, అడవుల నడుమ ఉన్న బస్తర్‌లోని రోగికి దీనివల్ల ఏం ఒరుగుతుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న తెలుగు రాష్ట్రాలకూ సంబంధించినదే. బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతేవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలతో కూడిన బస్తర్ డివిజన్ విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే పెద్దది. జగదల్‌పూర్ నుంచి రాజధాని రాయ్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నానికీ ఇంచుమించు అంతే. 30వ నంబరు జాతీయ రహదారి సుక్మా, కోంట మీదుగా భద్రాచలం దిగుతుంది. 163వ నంబరు రహదారి భోపాలపట్నాన్ని వరంగల్, హైదరాబాద్‌లతో కలుపుతుంది. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజాన్ని మోసే రైలు మార్గం అరకు లోయ గుండా కొత్తవలస చేరుతుంది. కోంట, భోపాలపట్నం పరిసరాల్లో తెలుగు మాట వినిపిస్తుంది. జబ్బు ముదిరితే అక్కడివారు ఆశ్రయించేది చాలాసార్లు భద్రాచలం, వరంగల్, విశాఖపట్నం ఆసుపత్రులనే.

మచ్చ నడుమ ఈనె

మన శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే దారితప్పి, నాడీ తంతువుల చుట్టూ ఉండే మైలిన్ పొరను దెబ్బతీయడం ఎంఎస్ లక్షణం. విద్యుత్ తీగపై తొడుగు ఊడినట్టే ఇక్కడ సంకేతాలు మందగిస్తాయి, తప్పిపోతాయి. ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారుతుంది. కాళ్లు మొద్దుబారతాయి. మాట తడబడుతుంది, మూత్రం అదుపు తప్పుతుంది. కొన్ని వారాల తర్వాత చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కూడా. ఈ వ్యాధిలోని మోసమంతా ఆ తగ్గిపోవడంలోనే ఉంది. లక్షణాలు సద్దుమణిగినా మెదడులో మచ్చ మిగులుతుంది. 20 నుంచి 40 ఏళ్ల మధ్య వయసులో, పురుషుల కంటే రెండు మూడు రెట్లు అధికంగా స్త్రీలలో ఈ వ్యాధి బయటపడుతుంది. ప్రపంచంలో సుమారు 29 లక్షల మంది దీనితో జీవిస్తున్నారని అంతర్జాతీయ ఎంఎస్ సమాఖ్య అంచనా.

ఫ్రెంచి వైద్యుడు చార్కో 1868లో ఈ వ్యాధికి స్పష్టమైన రూపం ఇచ్చాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1863లో, జర్మనీకి చెందిన రిండ్‌ఫ్లైష్ మరణించిన రోగుల మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ప్రతి మచ్చ నడుమా ఒక చిన్న రక్తనాళం ఉందని రాసిపెట్టాడు. రోగనిరోధక కణాలు ఆ సిర గోడను దాటుకునే మెదడులోకి చొరబడతాయి కనుక మచ్చ దాని చుట్టూనే పెరుగుతుంది. బతికున్న మనిషిలో ఈ దృశ్యాన్ని చూడటానికి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1981లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం ఎంఆర్‌ఐతో తొలిసారి ఎంఎస్ మచ్చలను చూపినప్పుడు, సీటీ స్కాన్‌కు అందని మచ్చలెన్నో బయటపడ్డాయి. అయితే అవి తెల్లని చుక్కలే. మైగ్రేన్ ఉన్నా, రక్తపోటు ఉన్నా, వయసు మీదపడినా మెదడులో తెల్లని చుక్కలు రావచ్చు. చుక్కను చూసి కారణం చెప్పడం అనుభవజ్ఞులకూ కత్తిమీద సాముగానే ఉండేది.

ఇప్పుడు వాడుకలోకి వస్తున్న పద్ధతి ఆ చుక్క లోపలికి చూస్తుంది. సిరల్లో ప్రవహించే, ప్రాణవాయువు తగ్గిన రక్తం అయస్కాంత క్షేత్రాన్ని అతి స్వల్పంగా కలవరపెడుతుంది. ఆ కలవరాన్ని పట్టుకునేలా యంత్రాన్ని సవరిస్తే తెల్లని మచ్చ నడుమ, ఆకులో ఈనె మాదిరి, సన్నని నల్లని గీత కనిపిస్తుంది. దీన్ని మధ్యసిర సంకేతం అంటున్నారు. ఎంఎస్ మచ్చల్లో ఇది అధికం. రక్తప్రసరణ లోపంతోనో మైగ్రేన్‌తోనో ఏర్పడిన చుక్కల్లో బాగా తక్కువ. ఇలాంటి ఈనె ఉన్న మచ్చలు ఆరు కనిపిస్తే, కొత్త ప్రమాణాల ప్రకారం అది బలమైన ఆధారం. రెండో సంకేతం అంచున ఉండే నల్లని వలయం. పాత మచ్చ చుట్టూ ఇనుమును నింపుకున్న కణాలు చేరి, నివురుగప్పిన నిప్పులా లోలోపల నష్టం కొనసాగిస్తున్నాయని ఆ వలయం చెబుతుంది. నాలుగు లేదా అంతకు మించి వలయాలున్న రోగులు తక్కువ వయసులోనే వైకల్యం బారిన పడుతున్నారని 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు వెల్లడించారు.

మూడో మార్పు కంటి నాడికి సంబంధించినది. ఇంతకుముందు మెదడులోని మూడు ప్రాంతాలు, వెన్నుపాము కలిపి నాలుగు స్థానాలనే లెక్కలోకి తీసుకునేవారు. దృష్టి నాడిని ఇప్పుడు ఐదో స్థానంగా చేర్చారు. ఎంఆర్‌ఐ మాత్రమే కాదు, కంటి వెనుక పొర మందాన్ని కొలిచే ఓసీటీ పరీక్షా ఇందుకు ఆధారంగా చెల్లుతుంది. వ్యాధి లక్షణాలు సరిపోలి, ఐదింట నాలుగు స్థానాల్లో మచ్చలుంటే ఇతర ఆధారాల కోసం వెతకనక్కరలేదు. అసలు ఏ బాధా లేకుండా, తలకు దెబ్బ తగిలి స్కాన్ చేయించుకున్న వ్యక్తిలో అనుకోకుండా ఇలాంటి మచ్చలు బయటపడిన సందర్భంలోనూ కొన్ని షరతులకు లోబడి వ్యాధిగానే పరిగణించవచ్చు. ఆ దశలోనే డైమిథైల్ ఫ్యూమరేట్ మందు ప్రారంభిస్తే తొలి దాడి ముప్పు 80 శాతానికి పైగా తగ్గిందని అరైజ్ అనే క్లినికల్ ప్రయోగంలో తేలింది.

బస్తర్ మెదడు ప్రత్యేకత

భారతదేశంలో ఎంఎస్ అరుదు అన్న అభిప్రాయం చాలాకాలం పాతుకుపోయింది. శీతల దేశాల వ్యాధిగానే వైద్య విద్యార్థులు దీన్ని చదువుకున్నారు. ముంబయిలోని పార్సీల్లో మాత్రం అధికంగా ఉందని 1980ల నుంచే అధ్యయనాలు చెబుతూ వచ్చాయి. ఎంఆర్‌ఐ యంత్రాలు పెరిగిన కొద్దీ ఆ నమ్మకం సడలింది. మంగళూరులో చేపట్టి 2014లో ప్రచురించిన సర్వే లక్ష జనాభాకు సుమారు 8 మంది రోగులున్నట్టు లెక్కతేల్చింది. ఐరోపాతో పోల్చితే ఇది తక్కువే. కానీ యంత్రం లేనిచోట వ్యాధి లేదనిపించడం సహజం. అడవి ప్రాంతంలో కాలు ఈడ్చుకుంటూ నడిచే యువతిని పక్షవాతం ఖాతాలోనో, నరాల బలహీనత ఖాతాలోనో వేస్తారు. ముందుగా సిరహా వద్దకో గునియా వద్దకో తీసుకెళ్తారు. కొన్ని వారాలకు చూపు తిరిగివస్తే మంత్రం ఫలించిందనుకుంటారు. లక్షణాలు వచ్చిపోయే ఈ వ్యాధి, నమ్మకానికి ఇంతగా సహకరించడం విచిత్రమే.

బస్తర్ విషయంలో అంతకంటే జటిలమైన సమస్య మరొకటి ఉంది. అక్కడి మెదడు స్కానులో తెల్లని మచ్చ కనిపిస్తే అది ఎంఎస్ అయ్యే అవకాశం కంటే వేరొకటి అయ్యే అవకాశమే ఎక్కువ. క్షయ మెదడుకు పాకితే గడ్డలు కడుతుంది. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరితే లార్వాలు మెదడులో తిత్తులుగా స్థిరపడి మూర్ఛకు దారితీస్తాయి. మెదడుకెక్కిన మలేరియా సరేసరి. వీటన్నిటికీ మించి గోండు, హల్బా వంటి సమూహాలున్న ఈ మధ్యభారత గిరిజన ప్రాంతమంతటా సికిల్ సెల్ వ్యాధి వేళ్లూనుకొని ఉంది. కొడవలి ఆకారం దాల్చిన ఎర్ర రక్తకణాలు సూక్ష్మ రక్తనాళాలకు అడ్డుపడితే, పైకి ఏ పక్షవాతమూ కనిపించకుండానే మెదడులోని శ్వేత పదార్థంలో చిన్న చిన్న భాగాలు చచ్చుబడిపోతాయి. అమెరికాలో తీవ్ర రకం సికిల్ సెల్ ఉన్న పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో ఆరేళ్ల లోపే నలుగురిలో ఒకరికి పైగా ఇలాంటి నిశ్శబ్ద మచ్చలు ఉన్నట్టు తేలింది. పద్నాలుగేళ్లకు ఆ సంఖ్య 37 శాతానికి చేరింది. భారతీయుల్లో కనిపించే రకం కొంత మెతకదని వైద్యులు చెబుతారు. మచ్చలు రావని మాత్రం చెప్పరు.

కాబట్టి కొత్త పద్ధతి విలువ బస్తర్‌కు రెండు విధాలుగా ఉంటుంది. ఎంఎస్‌ను త్వరగా పట్టుకోవడం ఒకటి. ఎంఎస్ కానిదాన్ని ఎంఎస్ అనకుండా ఆపడం రెండోది, ఇదే పెద్దది. తప్పుడు నిర్ధారణ సంపన్న దేశాల్లోనూ తక్కువేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని రెండు ఎంఎస్ కేంద్రాలకు ఆ వ్యాధి పేరుతో వచ్చిన 241 మందిని పునఃపరిశీలించగా 43 మందికి, అంటే 18 శాతం మందికి, అసలు ఆ వ్యాధే లేదని 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఎంఎస్ మందులు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి. క్షయ గడ్డను ఎంఎస్ మచ్చగా పొరబడి ఆ మందు ఇస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఒకప్పుడు ఎంఎస్‌లో ఒక రకంగానే భావించిన న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వేరే వ్యాధి మన దేశంలోనూ ఉంది. దానికి 2004లో కనుగొన్న ప్రత్యేక రక్తపరీక్ష ఉన్నప్పటికీ అది అందరికీ అందుబాటులో లేదు. ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ వంటి కొన్ని మందులు ఆ రోగిని మరింత దిగజారుస్తాయి.

మధ్యసిర కొలమానాలు ప్రధానంగా పాశ్చాత్య రోగుల చిత్రాలపై రూపుదిద్దుకున్నవి. సికిల్ సెల్, క్షయ విస్తృతంగా ఉన్న జనాభాకు వాటిని యథాతథంగా అన్వయించే ముందు ఇక్కడి చిత్రాలతో సరిచూసుకోవాలి. వయసు 50 దాటినవారిలోనూ, రక్తనాళ వ్యాధులున్నవారిలోనూ అదనపు ఆధారాలు లేకుండా తొందరపడరాదని కొత్త ప్రమాణాలే హెచ్చరిస్తున్నాయి. బస్తర్‌లో ఆ జాగ్రత్త యువతకూ వర్తించాలి.

యంత్రమా, చూసే కన్నా?

అధునాతన చిత్రణ అనగానే కోట్ల రూపాయల 7 టెస్లా యంత్రాలు గుర్తుకువస్తాయి. పరిశోధనకు అవి ఎంతో మేలు చేశాయి. కానీ నల్లని ఈనెను చూడటానికి అంత యంత్రం అక్కరలేదు. పెద్దాసుపత్రుల్లో ఉండే 3 టెస్లా యంత్రం బాగా చూపుతుంది, సాధారణ 1.5 టెస్లా యంత్రం కొంత తక్కువ స్పష్టతతోనైనా చూపుతుంది. కావలసింది మామూలు మెదడు స్కానుకు మరికొన్ని నిమిషాల అదనపు చిత్రాలు, వాటిని ఎలా తీయాలో తెలిసిన టెక్నీషియన్, తీసినదాన్ని చదవగల రేడియాలజిస్టు. చాలా యంత్రాల్లో ఆ సదుపాయం ముందే ఉంటుంది. రక్తస్రావాలను వెతికేందుకు దాన్ని వాడుతూనే ఉంటారు. మచ్చ మధ్యలోకి చూడాలన్న తలంపు మాత్రం చాలాచోట్ల ఇంకా ఏర్పడలేదు. కొత్త యంత్రానికి రిబ్బను కత్తిరించినంత ఉత్సాహం పాత యంత్రానికి కొత్త పాఠం నేర్పడంలో మన వ్యవస్థలు చూపవు.

చిత్రాన్ని తీసిన చోటే చదవాలన్న నియమమూ లేదు. జగదల్‌పూర్ సమీపంలోని డిమ్రాపాల్‌లో బలిరామ్ కశ్యప్ స్మారక వైద్య కళాశాల ఉంది. రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ 2012 నుంచి నడుస్తోంది. బస్తర్ ఆసుపత్రి నుంచి వెళ్లిన స్కాన్ చిత్రాన్ని రాయ్‌పూర్‌లోనో విశాఖపట్నంలోనో హైదరాబాద్ నిమ్స్‌లోనో నిపుణుడు చదివి సాయంత్రానికల్లా అభిప్రాయం పంపడం సాంకేతికంగా ఏనాడో సాధ్యమైంది. రాష్ట్రాల సరిహద్దు రోగికి అడ్డురావడం లేదు. అతడు ఎప్పటినుంచో దాటుతూనే ఉన్నాడు. ఆసుపత్రుల మధ్య కాగితాలకే ఆ సరిహద్దు అడ్డొస్తోంది. కోంట నుంచి భద్రాచలం వచ్చిన గిరిజన రోగి వెంట పాత స్కాన్ చిత్రం ఉండదు, ఉన్నా అదనపు చిత్రాలు లేని ఒక ఫిల్ము ముక్క మాత్రమే ఉంటుంది. పరీక్ష మళ్లీ మొదలు.

దృష్టి నాడిని లెక్కలోకి తీసుకోవడం వల్ల తెరుచుకున్న తలుపు ఈ సందర్భంలో ఎంతో విలువైనది. చాలామంది ఎంఎస్ రోగుల్లో తొలి దెబ్బ కంటికే తగులుతుంది. ఒక కన్ను నొప్పితో మసకబారితే ఎవరైనా వెళ్లేది కంటి వైద్యుడి వద్దకే. మధుమేహం, నీటికాసుల రోగుల కోసం ఓసీటీ పరికరాలు ఇప్పటికే అనేక నేత్ర వైద్యశాలల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో 1987లో ఆరంభమైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నం, భువనేశ్వర్‌లలోనూ ప్రాంగణాలున్నాయి. తూర్పు కనుమల గిరిజన ప్రాంతాలకు అవి చేరువ. అద్దం నంబరు రాసి పంపేయకుండా, యువతలో ఒంటికన్ను చూపు తగ్గినప్పుడు మెదడు స్కాన్‌కు చీటీ రాసే అలవాటు నేత్ర వైద్యుల్లో బలపడితే వ్యాధి ఏళ్ల ముందే పట్టుబడుతుంది.

అలాగని ఊరందరికీ ఎంఆర్‌ఐ తీయమని ఎవరూ కోరడం లేదు. 2020 జనవరిలో మొదలైన మలేరియారహిత బస్తర్ కార్యక్రమంలో జ్వరం లేనివారికి కూడా ఇంటింటా రక్తపరీక్షలు చేశారు. లక్షణాలు లేని మలేరియాను వెలికితీయడంలో ఆ పద్ధతి పనిచేసింది. లక్షలో పది మందికైనా లేని వ్యాధికి అదే సూత్రం పనికిరాదు. అనవసరపు అనుమానాలు, భయాలు మాత్రమే మిగులుతాయి. ఎంచుకొని వెతకాలి. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచే పల్లెపల్లెనా మితానిన్‌లు ఉన్నారు. దేశవ్యాప్త ఆశా కార్యకర్తల వ్యవస్థకు వారు ముందువరుస. నొప్పితో ఒక కన్ను మసకబారిందా, నడుము కింది భాగం రోజుల తరబడి మొద్దుబారిందా, అలాంటిది ఇదివరకు వచ్చి పోయిందా అన్న మూడు ప్రశ్నలు వారికి నేర్పడం ఏ యంత్రం కంటే చవక.

సికిల్ సెల్ ఇక్కడ ఒక పాఠం చెబుతుంది. తలపై అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి మెదడు రక్తనాళాల్లో ప్రవాహ వేగాన్ని కొలిస్తే ఏ బిడ్డకు పక్షవాతం వస్తుందో ముందే చెప్పవచ్చని, క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే ఆ ముప్పు 92 శాతం తగ్గుతుందని 1998లోనే అమెరికాలో రుజువైంది. అది ఎంఆర్‌ఐతో పోల్చితే ఎంతో చౌకైన పరికరం. మన దేశంలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న షహడోల్‌లో ప్రారంభమై, 7 కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. రక్తంలో వ్యాధి ఉందని చెప్పడం దగ్గర ఆగకుండా ఆ పిల్లల మెదడు వరకు చూపు సారించడం తరువాతి మెట్టు కావాలి. అలా సేకరించిన చిత్రాలే, ఏ మచ్చ ఏ వ్యాధిదో తేల్చడానికి స్థానిక కొలమానంగా ఉపకరిస్తాయి.

నిర్ధారణ తర్వాత

ముందే కనిపెట్టి మందు ఇవ్వలేకపోతే కనిపెట్టడం రోగికి శిక్షే. ఈ విషయంలో పరిస్థితి పదేళ్ల కిందటి కంటే మెరుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తొలిసారిగా ఎంఎస్ మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. క్లాడ్రిబిన్, గ్లాటిరామర్ అసిటేట్‌లతోపాటు రిటుక్సిమాబ్ అందులో ఉంది. రిటుక్సిమాబ్‌ను స్వీడన్ వైద్యులు ఈ వ్యాధికి విస్తృతంగా వాడుతున్నారు. డైమిథైల్ ఫ్యూమరేట్‌తో పోల్చిన 2022 నాటి ప్రయోగంలో దీన్ని తీసుకున్నవారిలో వ్యాధి తిరగబెట్టింది 3 శాతం మందికే కాగా, రెండో వర్గంలో 16 శాతం మందికి తిరగబెట్టింది. ఈ మందుకు ప్రతిరూపమైన చౌక ఔషధాన్ని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే విపణిలోకి తెచ్చింది. అయితే ఎక్కించే ముందు క్షయ, హెపటైటిస్-బి లేవని నిర్ధారించుకోవాలి. కొన్ని నెలలకొకసారి ఆసుపత్రికి రావాలి, ఏటా స్కాన్ తీయించుకోవాలి. అబూజ్‌మాడ్ లోపలి గ్రామం నుంచి ఏటా ఆ ప్రయాణం చేయగలిగేవారెందరు?

ఖర్చు ఎవరిదన్న ప్రశ్నా ఉంది. ఆయుష్మాన్ భారత్ పథకం కింద కుటుంబానికి ఏడాదికి రూ.5 లక్షల వరకు రక్షణ ఉన్నా, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగులకు ఉద్దేశించినది. బయటి రోగిగా వచ్చి ఏటా స్కాన్ తీయించుకుని, మాత్రలు కొనుక్కుని వెళ్లే దీర్ఘకాలిక వ్యాధి ఆ చట్రంలో ఇమడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. రోగుల సంఘాల సుదీర్ఘ కృషికి దక్కిన ఫలితమది. కానీ రిజర్వేషన్ల వంటి కీలక ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ కావాలి. మచ్చ తొలిదశలోనే పట్టుబడి, మందుతో నడక నిలబెట్టుకున్న యువతి ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. మందు మానేసి కాళ్లు పడిపోతేనే ఆమె ఆ గీత దాటుతుంది.